పసివారి ఊపిరికి ఆసరా చేరువలో ఉండాలి

శంషాబాద్‌కు 2008లో విమానాశ్రయం వచ్చింది. దేశదేశాలకు దారి ఏర్పడింది. కాని ఎగశ్వాసతో అల్లాడే పసిబిడ్డకు చుట్టుపక్కల పల్లెల్లో పెద్ద దిక్కు నగరంలోని నీలోఫర్ ఆసుపత్రే. దారిలో గడిచే ప్రతి నిమిషమూ గండమే.

న్యుమోనియా ముదిరిన బిడ్డకు గొంతులో గొట్టం వేయకుండానే ఊపిరి నిలిపే సాధనం బబుల్ సీపాప్. ముక్కుకు అమర్చిన గొట్టం గుండా ఆక్సిజన్ పోతుంది. గాలి బయటికి వచ్చే గొట్టం కొస నీటిసీసాలో మునిగి ఉంటుంది. ఆ నీటి ఒత్తిడివల్ల ఊపిరితిత్తులు ముడుచుకుపోవు. ఢాకాలో డాక్టర్ చిస్తీ బృందం షాంపూ సీసాతోనే దీన్ని అమర్చింది. మామూలు పద్ధతిలో ఆక్సిజన్ ఇచ్చిన 67 మంది పిల్లల్లో 10 మంది మరణించగా, దీనిపై ఉంచిన 79 మందిలో ముగ్గురే మరణించారని 2015లో వెల్లడించింది.

కనుక ఖరీదు సాకు కారాదు. అయితే సీసా ఒక్కటే చాలదు. రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే డాక్టరు, శిక్షణ పొందిన నర్సు, ఎడతెగని ఆక్సిజన్ కావాలి. శంషాబాద్ ప్రాంత ప్రభుత్వ వైద్యంలో ఇవి ఉండి తీరాలి. అధికారులు ఇందుకు పూనుకోవాలి.

తల్లిదండ్రులూ ఏమరరాదు. దగ్గుతోపాటు బిడ్డ డొక్కలెగరేస్తుంటే నాటువైద్యంతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోను చేయాలి.