ఉద్దానమునకు నర్సు లెక్కడనుండి రావలయును?

పలాసలో 2023వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, దానితోపాటు 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల ప్రజలు మూడు దశాబ్దములుగా ఏ వ్యాధివలన క్రుంగిపోవుచున్నారో, ఆ వ్యాధికి చికిత్స స్వస్థలముననే దొరకవలెనని చిరకాలము మొఱపెట్టుకొనిరి. విశాఖపట్టణమునకు రైలెక్కిపోవు రోగుల కష్టము మన పాఠకు లెఱుంగనిది కాదు. గోడలు లేచినవి, యంత్రములు వచ్చినవి. సంతోషమే. కాని యంత్రము ప్రక్కన నిలుచునది ఎవరు? ఈ ప్రశ్నను మన నాయకులును, మనమును తగినంత గట్టిగా అడుగలేదు.

డయాలిసిస్ అనునది మాత్రవంటిది కాదు. మ్రింగి ఇంటికిపోవుటకు వీలులేదు. ఒక్కొక్కసారి సుమారు 4 గంటలు పట్టును. వారమునకు మూడుమారులు చేయించుకొను రోగి సంవత్సరములో 600 గంటలకు పైగా ఆ మంచముమీదనే గడుపును. డాక్టరు వచ్చి చూచి పోవును. తక్కిన కాలమంతయు రోగి ప్రాణము నర్సు చేతిలోనిదే. ముందుగా బరువు తూచవలెను. నరమునకు సూది గ్రుచ్చవలెను. రక్తపు పోటు పడిపోవుచున్నదేమో క్షణక్షణము కనిపెట్టుచుండవలెను. కామెర్ల వైరసు ఒకరినుండి మరియొకరికి సోకకుండ కాపాడవలెను. చేయి తిరుగని నర్సు వలన మంచి యంత్రము సైతము అపాయకారి యగును. కావున నర్సుల విద్య ఉద్దానమునకు ప్రాణసమస్య.

మన దేశములో ఈ విద్యకు మార్గములు పెక్కు గలవు. ఇంటర్మీడియటు పిదప రెండేండ్ల ఏ.ఎన్.ఎం., మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.ఎస్‌సి.; జి.ఎన్.ఎం. ముగించినవారికి మరి రెండేండ్లలో పట్టము, అటుపిమ్మట ఎం.ఎస్‌సి. మన చెన్నపురిలో 1871లోనే నర్సుల శిక్షణ మొదలైనది. 1946లో వేలూరులోను, ఢిల్లీలోను పట్టవిద్య ఆరంభమైనది. 1947లో నర్సింగు కౌన్సిలు చట్టమును, 2023లో నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమును వచ్చినవి. నిచ్చెనకు మెట్లు చాలినన్ని కలవు. కాని ఆ నిచ్చెన ఎక్కుటకు రుసుము చెల్లింపవలెను! కళాశాలలలో అధికభాగము ప్రైవేటు యాజమాన్యములవి. ఉద్దానపు బాలికను నర్సింగు చదివింపదలచిన తండ్రి జీడితోటనో, ఇంటిలోని బంగారమునో చూచుకొనవలసినదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలనే నేలగూల్చినది. అప్పుచేసి చదివిన బిడ్డ అప్పు తీరుచోటికి పోవును. హైదరాబాదునకో, గల్ఫుదేశములకో, జర్మనీకో పోవును. ఆమెను నిందించుట అన్యాయము.

ఇక సముద్రమునకు ఆవలనున్న సింహళమును చూడుడు. అచ్చటను మన ఉద్దానమువంటి సీమ యొకటి కలదు. అనురాధపురము, పొలన్నరువ ప్రాంతముల వ్యవసాయదారులు 1990 ప్రాంతమునుండి కారణము తేలని మూత్రపిండవ్యాధికి గురియగుచున్నారు. అక్కడను, చైనా సహాయముతో, 200 పడకలకు పైబడిన మూత్రపిండ ఆసుపత్రి 2021లో పొలన్నరువలో తెరువబడినది. రెండు సీమలకు వ్యాధి యొకటి. ఆసుపత్రియు ఇంచుమించు ఒకటి. నర్సును తయారుచేయు విధానము మాత్రము వేరు.

అచ్చట ప్రధానమార్గము ప్రభుత్వ శిక్షణపాఠశాలలే. అడ్వాన్స్‌డ్ లెవల్ పరీక్షలో నెగ్గినవారినుండి ఆరోగ్యశాఖ అభ్యర్థుల నెన్నుకొని మూడేండ్లు శిక్షణ యిచ్చును. రుసుము లేదు, పైపెచ్చు నెలనెల భృతి కలదు. పిదప సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగము, నిర్ణీతకాలము పనిచేయవలెనను ఒడంబడిక. పట్టము కోరువారికి పెరాదెనియ, శ్రీ జయవర్ధనపుర, యాళ్పాణము విశ్వవిద్యాలయములలో నాలుగేండ్ల చదువు గలదు. ఉద్యోగములోనున్నవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయము గలదు. 1926లో కలుతరలో ఆరోగ్యకేంద్రమును స్థాపించిననాటినుండి గ్రామమునకు శిక్షితయైన మంత్రసానిని పంపుట ఆ దేశము వ్రతముగా పెట్టుకొన్నది. దాని ఫలితము తల్లుల ప్రాణరక్షణలో లోకమంతయు చూచినది.

సింహళపు పద్ధతి దోషరహితమని మేము చెప్పుట లేదు. ప్రభుత్వము పిలిచినప్పుడే ద్వారము తెరుచుకొనును. పిలుపు ఆలస్యమైనచో యువజనులు వేచియుండవలసినదే. 2022లో ఆ దేశపు ఖజానా కూలిన పిదప నర్సులు పలువురు విదేశములకు తరలిపోయిరి. జీతము చాలనిచోట ఒడంబడిక ఎన్నాళ్లు నిలుచును? మన పద్ధతిలో స్థానములు విస్తారము, మెట్లు విస్తారము. వారి పద్ధతిలో పేదబిడ్డకు ప్రవేశము సులభము, పల్లె ఆసుపత్రికి నర్సు నిశ్చయము. మనకు కావలసినది మన మెట్లు, వారి వాకిలి.

ఇది అసాధ్యము కాదు. వైద్యకళాశాలలకు అనుబంధముగా 157 ప్రభుత్వ నర్సింగు కళాశాలలను నెలకొల్పుటకు కేంద్ర మంత్రివర్గము 2023 ఏప్రిలులో అంగీకరించినది. పలాస ఆసుపత్రికి అనుబంధముగా ఒక ప్రభుత్వ శిక్షణాలయము ఉండవలయునని మేము కోరుచున్నాము. అందు ఉద్దానము, టెక్కలి, పలాస ప్రాంతముల బాలికలకు, బాలురకు కొన్ని స్థానములు ప్రత్యేకింపవలెను. రుసుము లేకుండ భృతితో చదివించి, కొన్ని యేండ్లు ఈ సీమలోనే పనిచేయుటకు ఒడంబడిక వ్రాయించుకొనవలెను. దానికి తోడు, పనిచేయుచున్న నర్సులకు ఒక యేడాది మూత్రపిండ పరిచర్యలో ప్రత్యేకశిక్షణ ఇచ్చట జరుగవలెను. ఇంతకంటె అనుభవమిచ్చు చోటు మరియెక్కడ గలదు?

ఒడంబడిక బలవంతము కాదా యని కొంద రడుగవచ్చును. ప్రతిఫలము లేని ఒప్పందము సామాన్యముగా చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను చెప్పుచున్నది. బిడ్డవద్ద రుసుము గుంజి, ఆపై సర్టిఫికెట్లు దాచుకొని చాకిరి చేయించుకొనుట అధర్మము. ప్రజాధనముతో చదివించి, న్యాయమైన జీతమిచ్చి, కొన్నాళ్లు ప్రజలకు పనిచేయుమనుట ధర్మము. ఈ రెంటికి నడుమ భేదమును ఏ న్యాయస్థానమైనను గుర్తింపగలదు.

ఇక మన వంతు. మన యిండ్లలో ‘మా పిల్ల డాక్టరు’ అని చెప్పునప్పుడు కంఠము పైకి లేచును. ‘నర్సు’ అని చెప్పునప్పుడు క్రిందికి దిగును. సంబంధములు కుదుర్చునప్పుడు రాత్రి డ్యూటీలను గూర్చి గుసగుసలాడుదుము. మంచాన పడిననాడు అదే చేతికొరకు కేకవేయుదుము. 1904లో జొహాన్నెస్‌బర్గులో ప్లేగు సోకిన కూలీలకు గాంధీమహాత్ముడు స్వయముగా పరిచర్య చేసెను. ఆయన చేసిన పనిని చేయు బిడ్డలను చిన్నచూపు చూచుచు ఆయన పటమునకు దండవేయుట యెట్టి దేశభక్తి?

ప్రతి పఠనమందిరమును, ప్రతి పంచాయతియు ఈ శిక్షణాలయమునకై తీర్మానము చేసి శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యునకు పంపవలెను. సభ ముగిసిన పిదప ఊరిలో ఇంటర్మీడియటు నెగ్గిన బీదబిడ్డ యెవరో విచారింపవలెను. వ్యాధికారణమును శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. అది ఎన్నడు తేలునో ఎవ్వరును చెప్పజాలరు. ఈ రాత్రి పలాసలో యంత్రము ప్రక్కన మెలకువగా నుండవలసిన మనుష్యునకు మాత్రము కారణము తేలువరకు వేచియుండు వీలు లేదు.