కిడ్నీ ఉండగానే ఆదుకోవాలి

లూపస్ జబ్బు కిడ్నీలకు పాకిన అమ్మాయి మన ప్రభుత్వాల కంట పడేది ఆ కిడ్నీలు పూర్తిగా పాడైపోయాకే. డయాలసిస్ మొదలైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఆదుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000 రూపాయల పింఛను కూడా అందుతుంది. కిడ్నీ మార్పిడి జరిగితే, కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం మింగాల్సిన మందులను తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇవన్నీ ఉండాల్సినవే, వీటిలో ఒక్క రూపాయి కోత పెట్టినా ఒప్పుకోకూడదు. కానీ మార్పిడి తర్వాత ఇచ్చే మందుల చీటీని ఒక్కసారి చూడండి: మైకోఫెనోలేట్, టాక్రోలిమస్, ప్రెడ్నిసలోన్. లూపస్ రోగి సొంత కిడ్నీని నిలబెట్టే మందులు కూడా సరిగ్గా ఇవే. కొన్నేళ్ల ముందు ఈ మాత్రలే క్రమం తప్పకుండా చేతికందితే వీరిలో చాలామందికి డయాలసిస్ అవసరమే రాదు. కిడ్నీ పోయాక ఇస్తున్న మందును కిడ్నీ ఉండగానే ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను ఈ పత్రిక కోరుతున్నది ఇదే.

కిడ్నీ జబ్బు అనగానే మనకు ఉద్దానం గుర్తుకొస్తుంది. అక్కడ దశాబ్దాలుగా కారణమే తేలక జనం నలిగిపోతున్నారు. లూపస్ సంగతి అలా కాదు. కిడ్నీలో ఏం జరుగుతుందో, ఎక్కడ అడ్డుకోవాలో వైద్యశాస్త్రానికి చాలావరకు తెలుసు. దేహాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల్లోని డీఎన్‌ఏ మీదే యాంటీబాడీలను తయారు చేస్తుంది. అవి ముద్దలు కట్టి, రక్తాన్ని వడగట్టే సూక్ష్మ నాళాల్లో పేరుకుంటాయి. అక్కడ మొదట వాపు వస్తుంది, ఆ వాపును సకాలంలో తగ్గించకపోతే మచ్చ పడుతుంది. మచ్చ పడిన భాగం మళ్లీ పనిచేయదు. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే. అదీ ఎక్కువగా పదిహేను నుంచి నలభై అయిదేళ్ల మధ్య, అంటే చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు, కాన్పుల వయసులో పట్టుకుంటుంది. వీరిలో ఇంచుమించు నూటికి నలభైమందికి ఏదో ఒక దశలో జబ్బు కిడ్నీకి పాకుతుంది. యూరప్ మూలాలున్నవారికన్నా మన ఆసియావాళ్లలో ఇది ఎక్కువ, తీవ్రత కూడా ఎక్కువే. కిడ్నీకి పాకినవారిలో నూటికి పది నుంచి ముప్ఫైమంది చివరికి డయాలసిస్‌కు చేరుతున్నారు.

ఆ చేరడం ఒక్క రోజులో జరగదు. మొదట కీళ్లు నొప్పి పెడితే వాతమంటారు. జుట్టు రాలితే రక్తం తక్కువంటారు. నెలల తరబడి జ్వరం కాస్తుంటే టీబీ అనుకుంటారు. ముక్కుకు అటూ ఇటూ బుగ్గలు ఎర్రబారితే ఎండ పడలేదని పూతమందు రాస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన స్టెరాయిడ్ సూదితో నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటారు. కిడ్నీ మాత్రం నొప్పి పెట్టదు. మూత్రంలో నురుగు కడుతున్నా, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నా ఆ వయసు పిల్ల ఇంట్లో ఎవరికి చెప్పుకోగలదు? చెప్పినా ఎవరు పట్టించుకుంటారు? మూత్రంలో ప్రొటీన్ పోతోందో లేదో చెప్పే పట్టీ పరీక్ష కొద్ది రూపాయల పని, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కారణం తెలియని కీళ్లనొప్పులతో, జ్వరంతో, నోటిపూతతో వచ్చిన ప్రతి యువతికీ ఈ పరీక్ష చేయడం తప్పనిసరి కావాలి. దీనికి కొత్త భవనమో కొత్త పథకమో అక్కర్లేదు, వైద్యారోగ్య శాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.

లూపస్ ఉన్న మనిషికి రోజుకు అర గ్రాము దాటి ప్రొటీన్ పోతుంటే కిడ్నీ బయాప్సీ చేయాలన్నది ప్రపంచమంతటా నెఫ్రాలజిస్టులు పాటిస్తున్న పద్ధతి. దెబ్బ ఆరు తరగతుల్లో ఏ తరగతిదో, వాపు ఎంతో, మచ్చ ఎంతో సూదితో తీసిన ఆ చిన్న ముక్కే చెబుతుంది. మందు ఎంత గట్టిగా వాడాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. బయాప్సీ అనగానే క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోవడం, వద్దని రోగిని వెనక్కి తీసుకెళ్లిపోవడం వైద్యులు తరచూ చూసేదే. ఆ భయం పోగొట్టేంత ఓపికగా మాట్లాడే సమయం కిక్కిరిసిన ఓపీలో వైద్యుడికి ఉండదు. ఆ మాట చెప్పేందుకు శిక్షణ పొందిన సలహాదారులను పెద్దాసుపత్రుల్లో నియమించడం దుబారా కాదు.

ఇక మందుల సంగతి. 1950లలో స్టెరాయిడ్లు రాకముందు తీవ్రమైన లూపస్ కిడ్నీ జబ్బు వచ్చినవారిలో అయిదేళ్లు బతికి బట్టకట్టినవారు కొద్దిమందే. స్టెరాయిడ్లకు సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్లు తోడైతే కిడ్నీలు ఎక్కువ కాలం నిలుస్తాయని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 1986లో తేల్చారు. అది నిజమైన మలుపే, కానీ దాని మూల్యం ఆడపిల్లలు చెల్లించారు. ఆ మందు అండాశయాలను దెబ్బతీస్తుంది, పిల్లలు పుట్టే అవకాశాన్నే మింగేస్తుంది. 2002లో యూరప్ వైద్యులు రెండు వారాలకొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరు మోతాదులు చాలని చూపించి ఆ ముప్పును బాగా తగ్గించారు. 2000లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఫలితాలతో మైకోఫెనోలేట్ మాత్రలు రంగంలోకి వచ్చాయి. ఆపైన ఎన్నో ఏళ్లు ఆశపెట్టిన మందులు ఒక్కొక్కటిగా తప్పిపోయాయి. రిటుక్సిమాబ్ మీద ఎంతో నమ్మకం పెట్టుకుని చేసిన పెద్ద పరీక్షలో, మామూలు చికిత్సకు దాన్ని జోడించినందువల్ల స్పష్టమైన మేలు కనిపించలేదని 2012లో ప్రకటించారు.

ఇప్పుడా నిరాశ వీడింది. యాంటీబాడీలను తయారు చేసే బి కణాలకు ఊపిరి పోసే ప్రొటీన్‌ను అడ్డుకునే బెలిముమాబ్‌ను 2020 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లూపస్ కిడ్నీ జబ్బుకు అనుమతించింది. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా అనుమతి పొందిన తొలి మందు అదే. పాత చికిత్సకు దీన్ని జోడించినప్పుడు రెండేళ్ల తర్వాత నూటికి 43 మందిలో కిడ్నీలు కుదుటపడ్డాయి, జోడించనివారిలో 32 మందే. నెల తిరిగేసరికి, 2021 జనవరిలో, వోక్లోస్పోరిన్ వచ్చింది. ఏడాదికి పూర్తి ఫలితం కనిపించినవారు 41 శాతం, అది లేనివారిలో 23 శాతం. పైగా ఆ పరీక్షలో స్టెరాయిడ్ మోతాదును మొదటి వారాల్లోనే బాగా తగ్గించేశారు. ముఖం ఉబ్బిపోయి, షుగర్ వచ్చి, తుంటి ఎముక గుల్లబారి బాధపడిన రోగులకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పాలా? బి కణాలనే తుడిచిపెట్టే ఒబినుటుజుమాబ్ ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. 76 వారాలకు 46 శాతం మంది కోలుకున్నారు, అది జోడించనివారిలో 33 శాతం. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో దానికీ అనుమతి దక్కింది. ఈ అంకెలు అద్భుతాలేమీ కావు. సగంమందికి పైగా ఇంకా పూర్తి ఫలితం అందలేదనీ ఇవే అంకెలు చెబుతున్నాయి. అయినా నూటికి పది, పదిహేనుమంది అదనంగా గట్టెక్కారంటే, అది అంతమంది యువతుల జీవితం.

జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు మరో అడుగు ముందుకేశారు. రోగి సొంత టి కణాలను బయటికి తీసి, జన్యుమార్పు చేసి, తిరిగి ఎక్కించే కార్-టి చికిత్సను 2021లో లూపస్‌తో కిడ్నీ దెబ్బతిన్న ఇరవై ఏళ్ల యువతికి చేసినట్టు ప్రకటించారు. 2024లో వెల్లడించిన ఫలితాల్లో ఎనిమిదిమంది లూపస్ రోగులూ మందులు మానేసి స్థిమితంగా ఉన్నారు. ఇవి చిన్న సంఖ్యలు, తొందరపడి పండగ చేసుకోకూడదు. కానీ ఈ చికిత్స మనకు అందని పరాయి విద్య కాదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన స్వదేశీ కార్-టికి 2023లోనే కొన్ని రక్త క్యాన్సర్ల కోసం మన దేశంలో అనుమతి వచ్చింది. దాన్ని లూపస్‌లో పరీక్షించే పనికి ప్రభుత్వ నిధులు ఇవ్వాలి.

కొత్త మందులు వచ్చాయన్న వార్తతో మన పల్లెల్లో రోగికి ఒరిగేదేమిటి? ఒబినుటుజుమాబ్ మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో పూర్తిగా ఎత్తేశారు, సంతోషమే. కానీ మందు ధరే లక్షల్లో ఉన్నప్పుడు పన్ను తీసేసినంత మాత్రాన కూలి చేసుకునే కుటుంబానికి అది అందదు. ధర దిగివచ్చే దారి మనకు తెలుసు, ఆ దారి వేసినదీ మన హైదరాబాదే. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను, అంటే అదే పని చేసే చౌక రూపాన్ని, 2007లో డాక్టర్ రెడ్డీస్ ఇక్కడే తీసుకొచ్చింది. జీనోమ్ వ్యాలీ గురించి ప్రతి వేదిక మీదా గొప్పగా చెప్పుకునే పాలకులు లూపస్ మందులకూ అలాంటి చౌక రూపాలు ఎప్పుడొస్తాయో కంపెనీలను అడగాలి. రెండు రాష్ట్రాలూ కలిసి పెద్దమొత్తంలో కొంటామని హామీ ఇచ్చి మరీ అడగాలి. రాజకీయంగా ఎన్ని పేచీలున్నా మందుల కొనుగోలులో చేయి కలపడానికి అడ్డేముంది?

అంతవరకూ చేతులు ముడుచుకోనక్కర్లేదు. మైకోఫెనోలేట్‌కు టాక్రోలిమస్‌ను జోడించి చైనాలో 362 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఆరు నెలలకు 46 శాతం మందిలో జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చింది, సైక్లోఫాస్ఫమైడ్ తీసుకున్నవారిలో 26 శాతమే. టాక్రోలిమస్, వోక్లోస్పోరిన్ ఒకే కుటుంబపు మందులు. టాక్రోలిమస్‌ను మన కంపెనీలే తయారు చేస్తున్నాయి. లూపస్ రోగి ప్రతి ఒక్కరూ వాడాల్సిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అయితే మరీ చవక. 2020 వేసవిలో కొవిడ్‌కు పనికొస్తుందని దాని కోసం జనం ఎగబడినప్పుడు, ఆ మాత్ర మీదే ఆధారపడిన లూపస్ రోగులు దుకాణాల చుట్టూ తిరగాల్సివచ్చింది. వాళ్లకంటూ నిల్వ అట్టిపెట్టాలన్న ఆలోచన ఏ అధికారికీ తట్టలేదు. ఇలాంటి జబ్బుతో మన మధ్య ఎంతమంది బతుకుతున్నారో లెక్క లేకపోవడమే దానికి మూలం. లక్షమందిలో ఇంచుమించు ముగ్గురికే లూపస్ ఉందని ఇప్పటికీ ఉటంకించే అంచనా ఢిల్లీ సమీపంలోని పల్లెల్లో చేసిన సర్వేది, 1993 నాటిది. తెలుగు రాష్ట్రాలు సొంత రిజిస్ట్రీ ప్రారంభించాలి. నిమ్స్, స్విమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి సంస్థలతో మొదలుపెట్టవచ్చు.

విదేశాల్లో అనుమతి పొంది, ఇప్పుడున్న చికిత్సకన్నా గణనీయంగా మేలైన మందులకు ఇక్కడ మళ్లీ ప్రయోగాలు అక్కర్లేదని కేంద్రం 2024 ఆగస్టులో వెసులుబాటు ఇచ్చింది. దీన్ని మేం సమర్థిస్తున్నాం, అయితే టీబీ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో రోగనిరోధక శక్తిని అణిచే మందులను వాడుతున్నప్పుడు అనుమతి తర్వాతి నిఘా కాగితాలకే పరిమితం కాకూడదు. ఇక్కడ ప్రయోగాలు జరిగే చోట మరో షరతు. ప్రయోగంలో మేలు పొందిన రోగికి, వేరే ప్రత్యామ్నాయం లేనప్పుడు, ఆ తర్వాత కూడా మందు ఉచితంగా ఇచ్చేందుకు 2019 నాటి నిబంధనల్లో వీలుంది. పరిశోధకుడు సిఫార్సు చేయాలి, నైతిక కమిటీ ఒప్పుకోవాలి. ఆ సంగతిని సంతకం పెట్టించుకునే ముందే రోగికి తెలుగులో చెప్పాలి. ఖమ్మం జిల్లా గిరిజన బాలికల మీద 2009లో జరిగిన టీకా ప్రయోగం మిగిల్చిన అపనమ్మకం ఇంకా చెరిగిపోలేదు.

మందు మానేసే ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. పెళ్లి సంబంధం కుదిరిందని, అత్తింట్లో మాత్రలు కనబడితే గొడవని, కడుపు నిలవదని ఎవరో అన్నారని ఉన్నట్టుండి ఆపేస్తారు. నెలల్లోనే జబ్బు తిరగబెడుతుంది. లూపస్ ఉన్న స్త్రీ తల్లి కాగలదు. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉండాలి, గర్భానికి హాని చేసే మైకోఫెనోలేట్‌ను కనీసం ఆరు వారాల ముందే వైద్యులు మాన్పించి అజాథయోప్రిన్‌కు మార్చాలి, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపకూడదు. ఈ నాలుగు ముక్కలు ఆశా కార్యకర్తకూ, ఏఎన్‌ఎంకూ తెలిసుంటే ఎన్ని కాపురాలు నిలబడతాయో! జబ్బు దాచి పెళ్లి చేసే తల్లిదండ్రులను తప్పుపట్టే ముందు, చెప్పి చేసుకోగలిగే ధైర్యం వారికి మనం ఇచ్చామా అని సమాజమూ ఆలోచించాలి.

ఆసుపత్రిలో చేరినవారి చుట్టూనే అల్లుకున్న మన ఆరోగ్య పథకాలు, నెలనెలా ఇంటి దగ్గర మాత్రలతో, మూడు నెలలకోసారి పరీక్షలతో నెట్టుకొచ్చే రోగికి సరిపోవడం లేదు. ఆ ఖర్చు చాలావరకు రోగి జేబు మీదే పడుతోంది. బయాప్సీ, మూత్ర పరీక్షలు, నాలుగు రకాల మాత్రలు కలిపి లూపస్ కిడ్నీ రోగులకు ఔట్‌పేషెంట్ ప్యాకేజీ ప్రకటించాలి. మార్పిడి రోగుల కోసం ఇప్పటికే మందులు కొని పంచుతున్న యంత్రాంగం తెలంగాణకు ఉంది, జాబితాలో మరికొన్ని పేర్లు చేర్చడమే మిగిలింది. ఒక్కో డయాలసిస్ రోగి మీద ఏడాదికి ఎంత ఖర్చవుతోందో, అదే మనిషికి ముందుగా ఈ మందులు ఇస్తే ఎంతవుతుందో రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే లెక్క తీసి శాసనసభ ముందు పెట్టాలి.