పువ్వు పేర ఒక రాజ్యం

కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా జనాభా రెండు లక్షల లోపే. ఆ చిన్న ద్వీపంలో ఏటా ఆగస్టు 30న ఒక పువ్వుకూ, అక్టోబరు 17న మరో పువ్వుకూ పండుగ చేస్తారు. మొదటిది గులాబీ, రెండోది మార్గరీత్. ఆ పేర్లతోనే లా రోజ్, లా మార్గరీత్ అని రెండు సంఘాలున్నాయి. పండుగనాడు కిరీటాలు పెట్టుకుని రాజూ రాణీ వీధిలో నడుస్తారు. వెనకాల యువరాజు, యువరాణి, న్యాయమూర్తి, సైనికులు, పోలీసులు, నర్సులు. చర్చిలో ప్రార్థన అయ్యాక ఊరేగింపు, ఆ తరవాత విందు, ఆటపాట. రాజు మర్నాడు చేపల వేటకు వెళ్లేవాడు కావచ్చు. రాణి అరటితోటలో కూలికి పోయే మనిషి కావచ్చు.

పైకి చూస్తే ఇదంతా వేషాల సరదా. మూలాలు మాత్రం చెరకు తోటల్లో, బానిసత్వం నాటి రోజుల్లో ఉన్నాయి. 1844లోనే హెన్రీ బ్రీన్ ఆ ద్వీపం చరిత్ర రాస్తూ ఈ రెండు సంఘాల గురించి ప్రస్తావించాడు. బానిసలకు పూర్తి విముక్తి దొరికి అప్పటికి ఆరేళ్లే అయింది. బానిసలుగా ఉన్ననాళ్లూ ఆస్తి లేదు, హక్కు లేదు, కన్నబిడ్డ కూడా తనదని చెప్పుకునే వీలు లేదు. అలాంటి మనుషులు తమలో తాము ఒక రాజ్యం కట్టుకున్నారు. పగలు కొరడా పట్టుకున్నవాడి ముందు వంగిన నడుము రాత్రి సింహాసనం మీద నిటారుగా కూర్చుంది. రోగం వచ్చినవాడికి మందు, చనిపోయినవాడికి మర్యాదగా అంత్యక్రియలు సంఘమే చూసుకునేది. దీన్ని దొరలను అనుకరించడంగా మాత్రమే చూసినవాళ్లున్నారు. ఆ మాట సరికాదు. గౌరవం ఇంకొకరు ఇచ్చేదాకా ఆగకుండా తమకు తామే ఇచ్చుకున్న ప్రజలు వాళ్లు.

పండుగ ఒక్కరోజే గాని, దాని వెనక నెలల తరబడి రాత్రుళ్లున్నాయి. వాటినే సేయాన్స్ అంటారు. ఊళ్లో ఒక హాలు, పొడవాటి బల్ల, దాని తలాపున రాజూ రాణీ. గుమ్మం దగ్గర సంఘం పోలీసు. లోపలికి వచ్చినవాళ్లెవరైనా ముందు రాజదంపతులకు తలవంచి నమస్కరించాలి. మరిచిపోతే పోలీసు పట్టుకుంటాడు, విచారణ జరుగుతుంది, జరిమానా పడుతుంది. ఆ డబ్బు సంఘం పెట్టెలోకే. ఇదంతా పెద్ద నవ్వులాట మధ్య జరుగుతుంది గాని, నియమాన్ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఇక పాట. షాంత్‌వెల్ అనే ముఖ్య గాయని (పురుషులూ ఉంటారు) ఎత్తుకుంటే మిగతా అందరూ అందుకుంటారు. డబ్బాలో గింజలు పోసి మోగించే చక్‌చక్, వయొలిన్, బాంజో తోడు. లా రోజ్ వాళ్ల పాట హుషారు, లా మార్గరీత్ వాళ్లది నెమ్మది. తమ పువ్వు గొప్పదని పొగుడుకోవడం, అవతలి పువ్వును దెప్పడం పాటల్లో సగం. ఒక్కో సంఘం ఎప్పటికప్పుడు కొత్త పాటలు కట్టుకుంటూనే ఉంటుంది.

ఈ పాటలు ఎక్కువగా క్వెయోల్ భాషలో ఉంటాయి. ద్వీపం ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ మధ్య పద్నాలుగు సార్లు చేతులు మారిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చివరికి 1814లో బ్రిటన్ చేతిలో పడి, 1979 ఫిబ్రవరి 22న స్వతంత్రమైంది. పాలన ఇంగ్లీషులోకి మారినా పల్లె జనం క్వెయోల్‌ను వదల్లేదు. ఫ్రెంచి మాటలకు ఆఫ్రికా పలుకుబడి జోడించి బానిసలు తయారుచేసుకున్న భాష అది. బళ్లలో దాన్ని మాట్లాడితే పిల్లలకు శిక్ష పడేది. బడి తరిమేసిన భాషకు సేయాన్స్ హాలులో పెద్దపీట దొరికింది.

ఆ పీట మీద పెరిగిన మనిషి సెసెన్ దెకార్త్. 1914లో మికూ ప్రాంతంలో పుట్టింది. షాంత్‌వెల్‌గా పేరు తెచ్చుకుని దేశం మొత్తానికి జానపదరాణి అయింది. 2000లో బ్రిటిష్ రాణి ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చింది. అప్పటిదాకా ఆమెను రాణిని చేసింది ఊరి జనమే. 2010లో కన్నుమూసింది. ఈ ద్వీపం నుంచి ఆర్థర్ లూయిస్‌కు 1979లో ఆర్థికశాస్త్రంలో, డెరెక్ వాల్కాట్‌కు 1992లో సాహిత్యంలో నోబెల్ వచ్చాయి. ఆ ఇద్దరి పక్కన సెసెన్ పేరు కూడా పిల్లలకు చెప్పాలి.

ఇలాంటి గొంతులను దాచిపెట్టడానికే 1973లో జానపద పరిశోధన కేంద్రం పుట్టింది. ఊరూరా తిరిగి పాటలు, కథలు రికార్డు చేశారు. 2018 మార్చిలో రాజధాని కాస్ట్రీస్‌లోని ఆ కేంద్రం భవనానికి మంటలంటుకుని పుస్తకాలు, రికార్డులు, వాద్యాలు చాలావరకు కాలిపోయాయి. దశాబ్దాల కష్టం ఒక్క పూటలో పోయింది. ఆ వార్త ఇప్పుడు తలచుకున్నా కష్టంగానే ఉంటుంది.

రికార్డులు కాలినా ఆ భాషకు పండుగ ఉంది. ఏటా అక్టోబరు చివరి ఆదివారం ద్వీపంలో క్వెయోల్ దినం. బొగ్గుల పొయ్యి మీద సీమపనస కాలుస్తారు. ఉడికించిన పచ్చి అరటికాయ, ఉప్పుచేపల కూర వండుతారు. దాల్చినచెక్క, జాజికాయ వేసి కోకో టీ కాస్తారు. ఉప్పుచేప ఒకప్పుడు బానిసలకు చవగ్గా పడేసిన తిండి, ఇవాళ అదే జాతీయ వంటకం. ఆడవాళ్లు తలకు గళ్ల గుడ్డ చుట్టుకుంటారు. ఆ గుడ్డను ‘మద్రాస్’ అనే అంటారు. కోరమాండల్ తీరపు మగ్గాల మీద నేసి, మద్రాసు రేవు మీదుగా ఓడలెక్కిన రుమాళ్లే దానికి మూలం. ఆ నేతగాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. తన గళ్ల రుమాలు అక్కడ ఒక జాతి ఉడుపవుతుందని మగ్గం గుంటలో కూర్చున్న ఆ మనిషికి ఏం తెలుసు!

ఇప్పుడు క్వెయోల్ దినానికి జనం బాగా వస్తున్నారు. పూల సంఘాల హాళ్లలో మాత్రం పాడేవాళ్లు తగ్గారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు. వేదిక మీద పది నిమిషాల ప్రదర్శనకు కుర్రాళ్లు దొరుకుతున్నారు గాని, నెలల తరబడి రాత్రుళ్లు కూర్చుని పాట కట్టడానికి తీరిక ఎవరికుంది? పాత పాటను యంత్రంలో దాచవచ్చు, కొత్త పాట పుట్టాలంటే ఆ బల్ల చుట్టూ మనుషులుండాలి. పండుగ వేదికలకు ఖర్చుపెట్టే డబ్బులో కొంత ఊళ్లలోని సేయాన్స్ హాళ్లకు ఇవ్వడం, బతికున్న షాంత్‌వెల్‌లకు నెలకింతని గౌరవ వేతనం కట్టి బడిపిల్లలను వాళ్ల దగ్గరికి పంపడం అక్కడి ప్రభుత్వానికి మోయలేని భారమేమీ కాదు.