పేరులో ప్లే ఉంది, ఆడే జాగా ఏది?

బ్రాయిలర్ కోడిని ఇరుకు షెడ్డులో ఎందుకు పెంచుతారో తెలుసు కదా? తిరగకుండా తింటే తొందరగా బరువొస్తుంది. మరి మూడేళ్ల పిల్లల్ని అపార్ట్‌మెంటు గదిలో కూర్చోబెట్టి, టీవీలో రైమ్స్ వేసి, బిస్కెట్లు తినిపించే ప్లే స్కూలు చేసేదేంటి?

3–4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలని, స్క్రీను గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2015–16లో 2.1 శాతం, 2019–21లో 3.4 శాతం. "తక్కువే కదా" అంటారా? కలుపు రెండాకులప్పుడే పీకాలండీ.

ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న సరుకు బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మొద్దని 2020లో రూలొచ్చింది. గేటు బయట షాపువాడిని ఆపుతాం సరే, స్నాక్స్ బాక్సులో చిప్సు పెట్టి పంపేది ఎవరు? మనమే! అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు. వేలకు వేలు ఫీజు కట్టేచోట క్రీమ్ బిస్కెట్టు!

మేం పండించే జామ, అరటి చేదయ్యాయా? అడ్మిషన్‌కు వెళ్తే ఇంగ్లీషు సంగతి తర్వాత, ముందు రెండే అడగండి: గ్రౌండు ఎక్కడ? పిల్లలకు ఏం పెడతారు? జవాబు లేకపోతే ఫీజు కట్టకండి.