ముందు పెద్దపిల్ల వయసు చూడండి

పోయినేడు మా అమ్మకు ఇంగ్లండులో నర్సు ఉద్యోగం ఖాయమైంది. ఇంట్లో పాయసం చేసుకున్నాం. ఆ రాత్రి నైనా వీసా దరఖాస్తులు తెరిచి ఒక్కొక్కరి పుట్టిన తేదీ నింపుతూ వచ్చాడు. అమ్మది అయింది, తనది అయింది, పద్నాలుగేళ్ల చెల్లిది అయింది. నా దగ్గరకొచ్చి ఆగిపోయాడు. నాకు అప్పటికే 18 నిండి రెండు నెలలు.

ఉద్యోగ వీసా మీద బ్రిటన్ వెళ్లేవాళ్లు పిల్లల్ని వెంట తీసుకుపోవాలంటే, దరఖాస్తు పెట్టేనాటికి ఆ పిల్లలకు 18 నిండకూడదు. ముందే డిపెండెంటుగా అక్కడ చేరినవాళ్లయితే 18 దాటాక కూడా పొడిగించుకోవచ్చు. చిన్నపిల్లను తీసుకెళ్లాలంటే మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడ ఉండాలి. అందుకని ముగ్గురూ వెళ్లారు. నేను చెన్నైలోనే అవ్వ దగ్గర ఉండిపోయాను.

నాకు చట్టం మీద కంటే మా మీదే ఎక్కువ కోపం. నా ప్లస్ టూ పరీక్షలు చెడిపోకూడదని అమ్మ తన ఇంగ్లీషు పరీక్షను ఆరు నెలలు వాయిదా వేసుకుంది. ఆ ఆరు నెలల్లోనే నా వయసు గీత దాటింది. జీతమెంత, ఇంటద్దె ఎంత, చలికోట్లు ఎక్కడ కొనాలి అని అన్ని లెక్కలూ వేసిన మేము ఈ ఒక్క లెక్క మరిచిపోయాం. అమ్మ ఇప్పటికీ ఫోనులో ఆ మాట ఎత్తదు. నేనూ ఎత్తను.

ఈ గీత ఒక్కో దేశంలో ఒక్కోచోట ఉంటుంది. అమెరికాలో హెచ్‌-1బి మీద పనిచేసేవారి పిల్లలకు హెచ్‌-4 వీసా 21 ఏళ్ల వరకే. దానిమీద చదువుకోవచ్చు గాని ఉద్యోగం చేయకూడదు. చంటిబిడ్డగా వెళ్లి అక్కడే పెరిగినా, గ్రీన్‌కార్డు వరస కదలక 21 వచ్చేస్తే సొంతంగా విద్యార్థి వీసా చూసుకోవాలి, లేదా తిరిగిరావాలి. కెనడాలో శాశ్వత నివాసానికి వెళ్లేవారి పిల్లలకు 22 లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు. దుబాయిలో 2022 నుంచి కొడుకులకు 25 వరకు, పెళ్లికాని కూతుళ్లకు వయసుతో పని లేకుండా వీసా ఇస్తున్నారు. మొదట విని సంతోషించాను. తరవాత ఆలోచిస్తే, ఆడపిల్ల పెళ్లయ్యేదాకా తండ్రి బాధ్యతే అన్న మన పాత మాటే అక్కడా చట్టమైనట్టు తోచింది.

మా మేనత్త అయితే సులువైన దారి చెప్పింది. "లండన్‌లో పనిచేసే పిల్లాణ్ణి చూసి ముడి పెట్టేయండి, ఇదీ అక్కడికే చేరుతుంది" అని. నవ్వుతూనే అంది, కానీ ఆ వారంలోనే రెండు జాతకాలు వచ్చాయి. పెళ్లి వీసా కాదు అని ఇంట్లో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మనలో ఎవరికైనా ఈ అవసరం రావచ్చు గనక ఇక్కడ రాస్తున్నాను.

మరి దారులేమున్నాయి? సందర్శక వీసా మీద వెళ్లి ఒక్కోసారి ఆరు నెలల వరకు ఉండొచ్చు, పని చేయకూడదు. విద్యార్థి వీసా ఉంది. సీటు రావాలి, ఫీజుకూ ఖర్చులకూ డబ్బు చూపించాలి, విదేశీయుల ఫీజు అక్కడివాళ్ల ఫీజుకంటే చాలా ఎక్కువ. అమ్మ జీతం చెల్లి చదువుకూ అద్దెకే చాలుతోంది. నేను మూడో దారి పట్టాను: ఇక్కడ బి.ఏ. పూర్తిచేసి, తరవాత నా మార్కుల మీద, నా పేరు మీద దరఖాస్తు పెట్టుకుంటాను. ఆలస్యమవుతుంది. కానీ అమ్మ ఉద్యోగం పోయినా నా వీసా పోదు.

"18 దాటాక ఇంకా అమ్మకొంగు ఎందుకు?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడి చట్టానికి పెద్దదాన్నయిన నేను, ఇక్కడ ఏ ఫారం నింపినా గార్డియన్ సంతకం తేవాలి. అవ్వ వణికే చేత్తో పెడుతుంది. ఆమెకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది మాత్రం నేను.

మాకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఉన్నారని తెలుసు. 2024 మార్చి 11 తరవాత బ్రిటన్‌లో కేర్ వర్కరు వీసాకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు పసిబిడ్డను కూడా తీసుకెళ్లలేరు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే తల్లులకు ఆ అవకాశం ఎప్పుడూ లేదు. వాళ్ల పిల్లలు ఏ వయసులోనైనా నాలాగే అవ్వల దగ్గర పెరుగుతున్నారు.

చట్టాలు మనం మార్చలేం. ఇంట్లో అలవాటు మార్చవచ్చు. మీ అమ్మో నాన్నో విదేశంలో ఉద్యోగానికి ప్రయత్నిస్తుంటే, సంతకం పెట్టకముందే ఇంట్లో పిల్లలందరి పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసి, ఆ దేశపు నిబంధన పక్కన పెట్టి చూడండి. తేదీ దగ్గరపడుతుంటే ముందే చెప్పండి. దాటిపోయి ఉంటే, ఎవరు వెళ్లాలి, ఎవరు ఉండాలి, ఎన్నాళ్లు అన్నది ఆ పిల్లను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడమనండి. మా ఇంట్లో ఆ మాటలు నేను వంటింట్లోంచి విన్నాను.