లోపలోళ్లకు స్టార్లు, బయటోళ్లకు చావులు

పెట్రోలు పన్ను అందరికీ ఒకటే అంటారు. నిజమే, పాత మోపెడ్ మీద కూలికి పోయేవాడికీ, పెద్ద కారులో ఒక్కడే కూర్చుని పోయే దొరకీ లీటరు పన్ను ఒకటే! మిరపకోతకు ఆటోలో కుక్కుకుని పోయే మా ఆడోళ్ల చార్జీలోనూ ఆ పన్నుంది. 2020 మేలో మనం పనుల్లేక పస్తులుంటే ముడిచమురు ధర పడిపోయింది. ఆ లాభం మనదాకా రానిచ్చారా? ఒక్క రాత్రిలో కేంద్రం లీటరు పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయలు పెంచి మింగేసింది. అందులో 8 రూపాయలు రోడ్ల పేరు చెప్పి వేసిన సెస్సు.

ఎవరి రోడ్లు? 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. కేంద్రం లెక్కే ఇది. అందులో నడిచిపోయేవాళ్లు 32,825 మంది, మోటారు సైకిళ్ల మీదోళ్లు దాదాపు 75 వేలు.

2023 నుంచి కార్లకు భద్రత స్టార్లిస్తున్నారు. గుద్దితే లోపలున్నోళ్లు ఎంత భద్రమో చూసి ఇచ్చే స్టార్లవి. కారు బరువెక్కేకొద్దీ లోపలోడికి ధీమా, ఎదురొచ్చిన మోపెడోడికి పాడె. బరువు పెరిగితే నూనె ఎక్కువ తాగుద్ది, పొగ ఎక్కువ కక్కుద్ది. ఆ పొగ అద్దాలు బిగించుకున్నోడికి కాదు, రోడ్డు పక్కన జామకాయల బుట్ట పెట్టుకున్న మా అమ్మకి.

కరెంటు కారొస్తే పొగ పోద్దంటారు. పోనీ, మంచిదే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో వాటికి రోడ్డు టాక్సు మాఫీ చేసింది. లక్షలు పెట్టి కొన్నోడికి పెట్రోలు పన్నూ లేదు, రోడ్డు పన్నూ లేదు! బాటరీతో బరువేమో ఇంకా ఎక్కువ.

మేం మాఫీ అడగడంలేదు. కారు బరువుని బట్టి పన్నెయ్యండి. సెస్సు డబ్బుతో వాడకి బస్సెయ్యండి, హైవే పక్కన నడకదారి కట్టండి. అన్నలారా, అక్కలారా, వచ్చే గ్రామసభలో ఇదే అర్జీ పెట్టండి.