సర్వే ప్రవచనం కాదు

2024 నవంబరు 5న అమెరికా ప్రజలు తమ అధ్యక్షుని ఎన్నుకున్నారు. కమలా హ్యారిస్, డొనాల్డ్ ట్రంప్‌లలో గెలుపెవరిదని అప్పుడు మన సంఘాలలోనూ చర్చ జరిగింది. బిడ్డలు అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు మన మధ్య అనేకం. వీసా నిబంధనలు ఏమవుతాయోనన్న వారి ఆందోళన మాకు తెలుసు. రోజుకొక సర్వే వారికి ఒకనాడు ధైర్యాన్ని, మరునాడు దిగులును తెచ్చింది. అందుకే ఇలాంటి అంకెలను ఎలా చదవాలో ఆలోచిద్దాం.

వెయ్యిమందిని అడిగి చేసిన సర్వేలో ఒక్కొక్క అభ్యర్థి అంకె సుమారు 3 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ఇద్దరి మధ్య తేడాను చూస్తే ఆ పొరపాటు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఒకరికి 48, మరొకరికి 47 అని చూపితే, ఎవరు ముందున్నారో ఆ సర్వే చెప్పలేకపోతోందని అర్థం.

జవాబిచ్చేవారు అందరికీ ప్రతినిధులు కారు. 2016లో కళాశాల చదువు చదివినవారు సర్వేలకు ఎక్కువగా స్పందించారు. అనేక రాష్ట్ర సర్వేలు ఆ తేడాను సరిచేయలేదు. ట్రంప్ బలం తక్కువగా కనబడింది. పైగా అక్కడ గెలుపును నిర్ణయించేది దేశం మొత్తం ఓట్లు కాదు, 538 ఎలక్టోరల్ ఓట్లలో 270. ఆ ఏడాది హిల్లరీ క్లింటన్‌కు దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా, పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్‌లలో కలిపి 80 వేలకు లోపు ఓట్ల తేడాతో ఆమె అధ్యక్ష పదవిని కోల్పోయారు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, నిజంగా ఓటు వేసేది ఎవరు అన్నది. అర్హులలో ఓటు వేసినవారు 2016లో సుమారు 60 శాతం, 2020లో సుమారు 66 శాతం. ఆ పెరుగుదల ఒక్క పక్షానికే మేలు చేయలేదు. 2020లో బైడెన్‌కు 8.1 కోట్లు, ట్రంప్‌కు 7.4 కోట్ల ఓట్లు వచ్చాయి. అంతకుముందు ఏ అభ్యర్థికీ అన్ని ఓట్లు రాలేదు. పోలింగ్ పెరిగితే ప్రభుత్వానికి వ్యతిరేకమేనని మన దగ్గర అనుకునే లెక్క అక్కడ పనిచేయదు.

2024 జూన్‌లో మన ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు ఎన్డీయేకు 350కి పైగా స్థానాలు చూపాయి. వచ్చినవి 293. ఓటు వేసి వచ్చినవారిని అడిగితేనే ఇంత తేడా వస్తే, ఇంకా వేయనివారి సంగతి చెప్పనేల?

ఇక సేవకులకు ఒక మాట. 2020లో అమెరికాలో కొందరు బోధకులు ట్రంప్ గెలుస్తారని దేవుని పేరిట ప్రకటించారు. అది జరగలేదు. కొందరు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. సర్వే తప్పితే ఒక సంస్థ పరువు పోతుంది. దేవుని పేరిట పలికిన మాట తప్పితే, విన్న చిన్నవారి విశ్వాసం దెబ్బతింటుంది. మన అభిరుచిని, మన ఊహను వేదికపై నుండి ప్రవచనంగా పలకవద్దు. వచ్చిన ప్రతి వీడియోనూ సంఘపు గ్రూపులలో పంపవద్దు.

ఇలాంటి ఎన్నికల ఫలితం పోలింగ్ రాత్రే తేలకపోవచ్చు. 2020లో నవంబరు 3న పోలింగ్ జరిగితే, విజేత ఎవరో 7న గాని తెలియలేదు. ఇలాంటప్పుడు ఓపికతో కనిపెట్టాలి. అధికారుల కొరకు ప్రార్థించమని తిమోతికి రాసిన పౌలు, మనకు నచ్చినవారి కొరకు మాత్రమే అనలేదు. గెలిచినవారు ఎవరైనా, ఆ ప్రార్థన మన బాధ్యతే.